రెండో సీసా

పాలు పొంగి స్టౌ మీద కారి, గిన్నె అడుగు మాడి, ఇల్లంతా కంపు కమ్ముకున్నా జకర్యా కుర్చీలోంచి లేవలేదు. వంటింటి గుమ్మానికి మూడడుగుల దూరంలో కూర్చుని, మేనేజరు హరికిషన్ పంపిన కాగితాన్ని పెదవులు కదుపుతూ చదువుకుంటున్నాడు.

మేబెల్ తడి జుట్టుతోనే స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చి స్టౌ కట్టేసింది.

"పాలు మాడిపోతున్నాయండీ."

"అవునా?" తలెత్తాడు జకర్యా. "నాకు తెల్వలే."

తెలియదు మరి. నాలుగేళ్ళ కిందట, కరోనా రెండో విడతలో పదకొండు రోజులు ఆస్పత్రి మంచం మీదుండి ప్రాణాలతో తిరిగొచ్చాడు గాని, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. పులిసిన చారు, ఫినాయిలు, మల్లెపూలు ఆయనకిప్పుడు ఒకటే. ఇంకెవరికైనా అయితే అదొక చిన్న లోటు. భూమిలో వేసిన గ్యాస్ పైపు వెంబడి రోజూ తిరిగి, ఎక్కడైనా గ్యాస్ వాసన వస్తోందేమో చూసి పుస్తకంలో రాయడమే ఉద్యోగమైన మనిషికి అది లోటు కాదు, ఉద్యోగం ఊడటమే.

అందుకే దాచారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ కూడబలుక్కునే దాచారు. మేబెల్ తన ముక్కును ఆయనకు అరువిచ్చింది. పొద్దున్నే ఐదున్నరకు బండి వెనక కూర్చునేది. నేరేడ్‌మెట్‌లో ఆయన వంతు నాలుగు కిలోమీటర్లు. పైపు ఉందని పాతిన పసుపు రాయి కనబడ్డ ప్రతిచోటా బండి నెమ్మదించేది. వాసన లేకపోతే ఆమె ఆయన భుజం మీద ఒకసారి తట్టాలి. ఉంటే రెండుసార్లు.

ఎనిమిదిన్నరకల్లా ఆమె మారేడ్‌పల్లిలోని మిషన్ బడిలో ఒకటో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ ఉండేది. "టీచరమ్మను మొగడు రోజూ షికారు తిప్పుతడు" అని కాలనీ ఆడవాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు. ఆ షికారులో ఎంత సుఖముందో వాళ్ళకేం తెలుసు!

మాడిన గిన్నెను సింకులో పడేసి మేబెల్ ఇవతలికొచ్చింది.

"ఏం రాశాడందులో?"

"నిన్న చూసినవు గదా."

"మీ నోటితో వినాలనుంది. చదవండి."

జకర్యా గొంతు సవరించుకున్నాడు. "'మంగళవారము నాడు నేను నా సెక్షను మొత్తం ప్రొసీజరు ప్రకారము తిరిగి చూసినాను. కాంతమణి టిఫిన్ సెంటరు వద్ద గాని, మరి ఎక్కడ గాని గ్యాస్ వాసన రాలేదు. నాకు వాసన పసిగట్టు శక్తి పూర్తిగా ఉన్నది. ఏటేటా పరీక్షలో పాసైనాను.' గంతే."

"గంతేనా?"

"గంతే."

కాంతమణి పోయి ఇవ్వాళ్టికి సరిగ్గా వారం. ఆ మనిషి చావును నాలుగు వాక్యాల్లో చుట్టిపెట్టి, కింద సంతకానికి గీత కూడా గీసి పంపాడు హరికిషన్. దాన్ని ఈయన బడిపిల్లాడిలా బట్టీ పడుతున్నాడు.

ఆ మంగళవారం మురుగు నాలా పక్కన, కాంతమణి మలిగీ కొట్టు ముందు, నాలుగేళ్ళలో మొట్టమొదటిసారి మేబెల్ చెయ్యి రెండుసార్లు తట్టింది. బండి ఆగింది. కాంతమణి ఇడ్లీ పాత్ర పక్కన పెట్టి గరిటెతోనే బయటికొచ్చింది.

"నీకు సుత వచ్చిందా టీచరమ్మా? నిన్నటి సంది చెప్తున్న, ఎవ్వరు ఇనరు. నాలా కంపంటరు. పన్నెండేండ్ల సంది ఈ నాలా నా ముక్కు కిందనే ఉన్నది, దీని కంపు నాకు తెల్వదా? ఇది గది కాదు."

జకర్యా పుస్తకంలో రాశాడు. పక్కకు వెళ్ళి ఫోన్ చేశాడు. "చెప్పిన, వస్తరు" అన్నాడు తిరిగొచ్చి.

ఆ మాట పట్టుకుని మేబెల్ కాంతమణి భుజం తట్టింది. "రాశారు, ఫోన్ చేశారు. ఆఫీసువాళ్ళొచ్చి చూసిపోతారు. నీకేం భయం లేదు" అని చెప్పింది. బుధవారం పైపు తిరిగే మనుషులకు వారపు సెలవు. గురువారం తెల్లవారుజామునే, టీచరమ్మ చెప్పింది కదా అనే ధీమాతో కాంతమణి పొయ్యి ముట్టించింది. మలిగీ పైకప్పు రేకు ఎగిరి నాలా అవతల పడింది. శనివారం ఆస్పత్రిలో ఆమె ప్రాణం పోయింది.

పదిన్నరకు హరికిషన్ వచ్చాడు. కంపెనీలో ఈ సెక్షన్‌కు సేఫ్టీ మేనేజరు. నలగని చొక్కా, మెడలో కార్డు, ఒక చేతిలో రిజిస్టరు, ఇంకో చేతిలో యాపిల్ పళ్ళ సంచి. గుమ్మంలో అడుగుపెడుతూనే ముక్కు చిట్లించాడు.

"ఏందీ, ఏదో మాడినట్టుంది?"

"పాలు సార్," అన్నాడు జకర్యా, తానే పసిగట్టినట్టు.

"ఈ పళ్ళు పేషంటుకు. నీకు ఇవ్వాళ బీపీ ఎక్కువైంది గదా, ఆఫీసుకు రాలేవు. అందుకే ఎంక్వైరీ మేడం ఇంటికే వస్తున్నది." హరికిషన్ తన తెలివికి తానే నవ్వుకుని కుర్చీ లాక్కున్నాడు. "పదకొండుకల్ల ఇక్కడుంటది. ఢిల్లీ గ్యాస్ బోర్డు మనిషే గాని మన తెలుగామెనే. సృజన అని. జెర మొండిది అంటున్నరు. అంతకుముందు ఆడిట్‌కొచ్చినోళ్ళు మంచోళ్ళు. ఏసీల కూసొని ఫైళ్ళు తిప్పి, పసుపు టోపీ పెట్టుకొని పైపు పక్కన ఒక ఫోటో దిగి, బిర్యానీ తిని పోయెటోళ్ళు. ఈమె మన సీసాలు సుత ముట్టదట. తనవి తానే తెచ్చుకుంటదట."

"ఏం సీసాలు?" అంది మేబెల్.

"వాసన టెస్టు, టీచరమ్మా. స్టేట్‌మెంట్ ఇచ్చెటోని ముక్కు మంచిగ ఉందో లేదో తన ముందర చూసినంకనే సంతకం పెట్టించుకుంటదట. ముక్కు బాగుండి, తిరిగి చూసి, వాసన రాలేదని చెప్తెనే ఆ మాటకు కిమ్మత్. అప్పుడు లీకు ఉన్నట్టుండి అయింది, ఎవ్వరి తప్పు లేదని కేసు ఖతం." గొంతు తగ్గించాడు. "మీరేం చెయ్యక్కర్లే. ఊకె ఆయన కుర్చీ ఎనక నిలబడుండ్రి. పేషంటు భార్య, ఎవ్వరేమంటరు? చెయ్యి భుజం మీద. ఒకసారి, లేకుంటే రెండుసార్లు. మీరు రోజూ చేసే పనే గదా."

మేబెల్ మొగుడివైపు చూసింది. ఆయన యాపిల్ పండు మీద అంటించిన కాగితం ముక్కను గోటితో గీకుతున్నాడు.

హరికిషన్ రిజిస్టరును టీపాయ్ మీద పెట్టాడు. "ఇది ఇక్కడుండనీ. అడిగితే చూపియ్యి."

మేబెల్ తీసి చూసింది. పాత పుస్తకం అట్ట మీద కాంతమణి టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఉండేది. దీనికి మరక లేదు. మొదటి పేజీ నుంచి ఒకే సిరా, ఒకే ఒత్తిడి, ఏ మూలా మడత లేదు. మూడు నెలల తిరుగుడంతా ఒక్క కూర్చోవడంలో రాసినట్టుంది. మంగళవారం దగ్గర వేలు ఆగింది. 'వాసన: నిల్.'

రాత జకర్యాది. క్రిస్మస్ కార్డుల మీద బైబిలు వాక్యాలు రాసే ఆ గుండ్రటి అక్షరాలు ఆమెకు తెలియనివా?

"ఇదెప్పుడు రాశారు?"

"పాతది తడిసిపోయింది మేడం," అన్నాడు హరికిషన్. "ఫైరింజన్ నీళ్ళల్ల."

"పుస్తకం మా బండి డిక్కీలో కదండీ ఉండేది. మంటలు అక్కడ, బండి ఇక్కడ. ఫైరింజను మా వాకిట్లోకొచ్చి డిక్కీలో నీళ్ళు పోసి వెళ్ళిందా?"

హరికిషన్ మొహంలో నవ్వు చెరగలేదు, అదే మరీ రోతగా ఉంది. "చూడుండ్రి టీచరమ్మా. మా రిస్క్ లిస్టుల మీ ఆయన సెక్షను నాలుగేండ్ల సంది ఆకుపచ్చది. అంటే ప్రమాదం తక్కువ అన్నట్టు. అది అట్లనే ఉండనియ్యుండ్రి. లేదు, నిజమే చెప్తానంటే చెప్పుండ్రి. ముక్కు లేనోడు నాలుగేండ్లు కంపెనీని మోసం చేసిండు, కంపెనీకి సంబంధం లేని ఆడామె డ్యూటీ చేసింది అని రాసుకుంటరు. మొట్టమొదలు లోపలికి పోయేది ఆయన. తర్వాత మీ స్కూలోళ్ళు మిమ్మల్ని ఉంచుకుంటరో లేదో చూసుకోండి. ప్రొసీజరు ప్రొసీజరే గదా."

ప్రొసీజరు. వారం రోజులుగా ఆ మాట విని విని మేబెల్ చెవులు చీదరెత్తిపోయాయి. లీకుందని చెబితే రాని మనిషి, చచ్చాక మూడుసార్లు ఇంటికొచ్చాడు, అదీ ప్రొసీజరే కాబోలు.

"మెయిన్ రోడ్డు కాడికి పోయి మేడంను తోలుకొస్త. తయారుండు జకర్యా. జెర మొహం నీరసంగ పెట్టు." హరికిషన్ లేచి వెళ్ళాడు.

తలుపు మూసి మేబెల్ దానికే ఆనుకుని నిలబడింది. పక్క వాటాలో మిక్సీ తిరిగి ఆగింది.

"నా చెయ్యి సంగతి ఆయనకెందుకు చెప్పారు?"

"ఏం చెయ్యమంటవ్? నిన్న సాయంత్రం సీసాల సంగతి తెల్సింది. ఇంకో దారి లేకుండె."

"ముక్కు సంగతి?"

"అది..."

"అది మొన్న పేలుడయ్యాక చెప్పానన్నారుగా?"

జకర్యా యాపిల్ పండును సంచిలో పెట్టి, మళ్ళీ తీశాడు. "అది సారుకు ముందుగాలనే ఎర్కె."

"ఎప్పటి నుంచి?"

"మొదటి ఏడు టెస్టు కాడికెల్లి."

మేబెల్‌కు వెంటనే అర్థం కాలేదు. పెళ్ళై ఇరవై రెండేళ్ళయినా ఆమె నోట ఒంగోలు మాట పోలేదు, ఆయన నోట సికింద్రాబాద్ మాట పోలేదు. ఇన్నేళ్ళలో ఏనాడూ ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా పోలేదు.

"అంటే ఆయనకు తెలిసే మిమ్మల్ని పాస్ చేశాడా?"

"డాక్టరు మూడు సీసాలు పెడ్తడు. రెండింట్ల ఉత్త నీళ్ళు, ఒక్కదాంట్ల గ్యాస్ వాసన. లోపలికి పోయే ముందర నా చెమటలు చూసి సారుకు డౌటొచ్చింది. అడిగిండు. చెప్పిన. 'రెండో సీసా అను, పో' అన్నడు. అన్న. పాసైన. ఆ తర్వాతేడు సుత రెండోదే. ఎప్పుడూ రెండోదే."

నాలుగేళ్ళు. ఏటా ఆ పరీక్ష రోజున మేబెల్ మంచినీళ్ళు కూడా తాగకుండా ఉపవాసముంది. మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన చేసింది. ఆ వచ్చే ఆదివారం చర్చిలో లేచి, మైకు పట్టుకుని, దేవుడు మా ఇంట్లో చేసిన మేలు చెప్పుకుంటానని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా ఆమెన్ అంది. ఆ మేలు చేసింది హరికిషన్! ఆయనగారికి స్తోత్రం చెప్పి దిగొచ్చిందన్నమాట తను. మేబెల్‌కు సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది.

"ఎందుకు పాస్ చేశాడు? మీ మీద జాలా?"

"నాకేం తెల్సు."

"నాకు తెలుస్తోంది. ముక్కు లేనివాణ్ణి తిప్పితే ఏ సందులోనూ వాసన రాదు. పుస్తకం నిండా నిల్, లిస్టంతా ఆకుపచ్చ. అంతకంటే మంచి ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు?"

"గట్ల మాట్లాడకు మేబెల్."

"మంగళవారం నిజంగా ఫోన్ చేశారా?"

"చేసిన. క్యారల్ మీద ఒట్టు." క్యారల్ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, కాలేజీకి వెళ్ళింది.

"ఏమన్నాడు?"

జకర్యా నేలవైపు చూశాడు. "నవ్విండు."

"నవ్వాడా?"

"'నీకు ముక్కే లేదు, వాసన యాడికెల్లొచ్చిందిర' అన్నడు. 'ఆ టిఫినామె చెప్తే నువ్వు నమ్మి నన్ను పరేషాన్ చేస్తున్నవ్. అది నాలా కంపు. గురువారం ఆడిట్ పెట్టుకొని ఇప్పుడు కంప్లెయింట్ రాస్తవా' అన్నడు."

"మీరేమన్నారు?"

మేబెల్ దగ్గరికొచ్చి ఎదురుగా నిలబడింది.

"మిమ్మల్నే. ముక్కు లేనివాడి మాట కదా అని నవ్వాడు. 'వాసన వచ్చింది నాకు కాదు సార్, నా భార్యకు' అని చెప్పారా, లేదా?"

"ఎట్ల చెప్త?" అన్నాడు జకర్యా. "చెప్తే నువ్వు తిరుగుతున్న సంగతి తెలుస్తది గదా. నౌక్రీ పోతది గదా. సారు రేపైనా మనిషిని పంపుతడేమో అనుకున్న."

నా భార్యకు. ఆ ఒక్క మాట ఫోన్లో అని ఉంటే మనిషొచ్చేవాడు, పైపు మూసేవాడు, కాంతమణి ఈ పాటికి దోసెలు తిప్పుతూ ఉండేది. ఉద్యోగం పోతుందేమోనని ఆ మాట గొంతులోనే మింగేసి, తిరిగొచ్చి 'చెప్పిన, వస్తరు' అన్నాడు. ఆ అబద్ధాన్ని తను తీసుకెళ్ళి కాంతమణి చేతిలో పెట్టింది. భుజం తట్టి మరీ పెట్టింది.

మేబెల్‌కు అసహ్యం వేసింది. ఆ హరికిషన్ మీద ఎటూ ఉంది. ఇప్పుడు ఈ మనిషి మీద, ఈయన గుండ్రటి అక్షరాల మీద, ఈయన పక్కన ఇరవై రెండేళ్ళు కంచం పంచుకున్న తన మీద కూడా. నాలుగేళ్ళు దాచింది తనూ కదా. దాపరికం ఇద్దరిదీ, చావు మాత్రం మూడో మనిషిది.

"నన్ను జైలుకు పంపుతవా?" జకర్యా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "క్యారల్‌కు ఏం చెప్తవ్? ఈ ఒక్కసారి. ఒక్కసారి చెయ్యి పెట్టు మేబెల్. పోయినామె ఎట్లాగూ పోయింది..."

"ఆ మాట ఇంకోసారి అనకండి." మేబెల్ చెయ్యి విడిపించుకుంది. "ఆవిడ పోలేదు. మనం పంపించాం."

వాకిట్లో కారు ఆగింది.

సృజనకు నలభై ఏళ్ళుంటాయి. కాటన్ చీర, భుజాన గుడ్డ సంచి, చేతిలో చిన్న చెక్కపెట్టె. చెప్పులు బయట విడిచి వచ్చింది. టీ వద్దంది. యాపిల్ పళ్ళవైపు ఒకసారి, రిజిస్టరువైపు ఒకసారి చూసింది.

"ఒంట్లో ఎలా ఉందండీ జకర్యాగారూ?"

"జెర తక్లీఫ్ ఉంది మేడం."

"ఎక్కువసేపు ఇబ్బంది పెట్టను. మంగళవారం పొద్దున ఆరూ పదికి మీ ఫోన్ నుంచి హరికిషన్‌గారికి కాల్ వెళ్ళింది. మూడు నిమిషాలు మాట్లాడారు. ఏం మాట్లాడారు?"

జకర్యా కళ్ళు హరికిషన్‌వైపు వెళ్ళాయి. "రోజూ చేస్త మేడం. అంత మంచిగుందని చెప్త."

"రోజూ వెళ్ళలేదండీ. ఆ నెలలో అదొక్కటే కాల్." ఆమె గొంతు పెంచలేదు, ఏదో రాసుకుంది. "సరే. వాసన పరీక్ష చేద్దాం. మీరు ఇటు కూర్చోండి."

జకర్యా కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. హరికిషన్ గుమ్మం దగ్గర నిలబడి మేబెల్‌కు కళ్ళతో సైగ చేశాడు. మేబెల్ కదల్లేదు. జకర్యా వెనక్కి తిరిగి చూశాడు. ఏడవడానికి సిద్ధంగా ఉన్న ఒకటో తరగతి పిల్లాడి మొహం. ఆమె కాళ్ళు ఆమెను అడక్కుండానే ఆ కుర్చీ వెనక్కి నడిచాయి. చెయ్యి వెళ్ళి భుజం మీద వాలింది.

సృజన పెట్టె తెరిచింది. మూడు గాజు సీసాలు. అన్నింటిలోనూ తెల్లటి నీళ్ళలాంటిదే ఉంది. మొదటి దాని మూత తీసి జకర్యా ముక్కు కింద పెట్టింది.

మేబెల్‌కు ఏ వాసనా రాలేదు. నాలుగేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే ఒకసారి తట్టింది.

"లేదు మేడం," అన్నాడు జకర్యా.

హరికిషన్ ఊపిరి వదిలాడు. మేబెల్ తన చేతివైపు చూసుకుంది. కాంతమణి భుజం మీద వేసిన చెయ్యి ఇదే. భయం లేదని తట్టిన చెయ్యి ఇదే. ఈ చెయ్యి ఇంకో రెండుసార్లు పనిచేస్తే మొగుడు పాసవుతాడు, ఆ కాగితం నిజమవుతుంది, కాంతమణి తన తలరాత బాగోలేక చచ్చిపోయినట్టు ఢిల్లీ దాకా రాసుకుంటారు.

ఆమె చెయ్యి తీసేసింది.

సృజన రెండో సీసా మూత తీసింది. జకర్యా భుజం కొంచెం పైకి లేచింది, రోజూ బండి మీద లేచినట్టే. కాసేపు అలాగే ఉంది. ఏమీ తగల్లేదు. ఆయన మెడ బిగుసుకుంది. మేబెల్ వెనక్కి ఒక అడుగు వేసింది.

అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. ఎప్పుడూ రెండోదే.

"ఉంది మేడం," అన్నాడు. మొహం కూడా చిట్లించాడు. "గట్టిగ ఉంది. కుళ్ళిన ఉల్లిగడ్డ లెక్క."

"బాగా గట్టిగా ఉందా?"

"తల తిరిగేటంత మేడం."

సృజన తలూపింది. ఆ సీసా మూసి, మూడోది తెరిచింది.

ఆ కంపు గదిలోకి దూసుకొచ్చింది. మంగళవారం నాటి కంపు, కాంతమణి మలిగీ ముందటి కంపు. హరికిషన్ జేబు రుమాలు లాగి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మేబెల్ కొంగుతో మూతి కప్పుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కంపు మధ్యలో, సీసాకు బెత్తెడు దూరంలో జకర్యా హాయిగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చున్నాడు.

"దీంట్ల ఏం లేదు మేడం."

సృజన వెంటనే మూత పెట్టలేదు. ముగ్గురి మొహాలూ చూసింది. ఆ తర్వాత మెల్లగా మూత బిగించింది.

"రెండో సీసాలో ఉన్నవి నేను తాగే మంచినీళ్ళండీ," అంది.

జకర్యా మొహం పాలిపోయింది. ఇప్పుడు నటించాల్సిన అవసరం లేకుండానే నీరసంగా ఉంది.

"బీపీ మేడం," హరికిషన్ ముందుకొచ్చాడు. "మందులు వాడుతున్నడు. ఇవ్వాళ వద్దని నేను ముందే..."

"మీరు ఆగండి. జకర్యాగారూ, మీకు వాసన తెలియదు. తెలియని మనిషి మంగళవారం వాసన రాలేదని ఎలా చెబుతారు? అసలు తెలియని మనిషి ఆ పొద్దున ఎందుకు ఫోన్ చేశారు?"

"నాకొచ్చింది మేడం."

మేబెల్ కొంగు తీసేసింది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. చర్చిలో మైకు ముందు ఇంత వణకలేదు. "మంగళవారం వాసన చూసింది నేను. నాలుగేళ్ళుగా రోజూ చూసేది నేనే. ఉందని ఈయన చేత రాయించాను. ఈ పుస్తకంలో కాదు, పాతదాంట్లో. ఈయన ముక్కు సంగతి ఈ సార్‌కు నాలుగేళ్ళ నుంచి తెలుసు."

హరికిషన్ జకర్యావైపు చూశాడు.

జకర్యా కుర్చీలోంచి లేచాడు. భార్య మొహంలోకి చూడలేదు.

"మేడం, ఆమె మాట పట్టించుకోకుండ్రి," అన్నాడు. "ఆ టిఫినామె పోయినకాన్నుంచి మా ఆమెకు మతి స్థిమితం లేదు. రాత్రిళ్ళు నిద్ర పోదు. లేని వాసనలు ఉన్నయంటది. ఇంట్ల సుత గట్లనే."

మేబెల్ ఆయన్ని చూసింది. కోపం కూడా రాలేదు, వంటింట్లోంచి ఇంకా వస్తున్న ఆ మాడు కంపు మాత్రం ముక్కుకు తగిలింది. ఇరవై రెండేళ్ళు తనను కన్నుగా, నోరుగా, చివరికి ముక్కుగా వాడుకున్న మనిషి, ఇప్పుడు పిచ్చిదానిగా కూడా వాడుకుంటున్నాడు.

సృజన కలం ఆగిపోయింది. ఆమె ఎవరి మాట నమ్ముతుందో మొహం చూస్తే తెలియడం లేదు.

మేబెల్ కుర్చీ దగ్గరికి వెళ్ళింది. జకర్యా లేచిన కుర్చీలోనే, కిటికీకి ఎదురుగా కూర్చుంది. తన కొంగును తానే మడిచి కళ్ళకు అడ్డంగా బిగించి కట్టుకుంది.

"సీసాలు అటూ ఇటూ మార్చేయండి మేడం," అంది చీకట్లోంచి. "ఎన్నున్నాయో అన్నీ తెరవండి. నన్నడగండి."

ఆమె భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది.

"వద్దు మేబెల్," అంది జకర్యా గొంతు చెవి పక్కన. "నువ్వు పాసైతే నేను లోపలికి పోత."

ఎదురుగా ఒక సీసా మూత తిరిగిన చప్పుడు వినబడింది.